బేస్‌మెంట్‌లో రేడాన్ 8.7 వచ్చింది, ఎంత పట్టించుకోవాలి? (ఎక్స్‌టన్, చెస్టర్ కౌంటీ, పెన్సిల్వేనియా)

ముంగిట_ముగ్గు
ఎక్స్‌టన్ దగ్గర 1990ల నాటి ఇల్లు కొనుక్కుని గత వేసవిలో చేరాం. అమ్మినవారు నింపి ఇచ్చిన పత్రంలో రేడాన్ (నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడియోధార్మిక వాయువు) గడిలో "తెలియదు" అని ఉంది. జనవరిలో ఇక్కడి గ్రంథాలయంలో ఒక కరపత్రం చూసి, హార్డ్‌వేర్ దుకాణం నుంచి రేడాన్‌ను బొగ్గుతో పట్టి కొలిచే పరీక్ష కిట్టు తెచ్చి బేస్‌మెంట్‌లో పెట్టాను. ప్రయోగశాల నుంచి ఫలితం వచ్చింది: లీటరు గాలికి 8.7 పికోక్యూరీలు (రేడియోధార్మికతకు కొలమానం). 4 గానీ, అంతకు మించి గానీ ఉంటే సరిచేయించుకోవాలని అదే కాగితం మీద రాసి ఉంది.

మా బేస్‌మెంట్ సామాన్లు పడేసుకునే గది అయితే ఇంత ఆలోచించేదాన్ని కాదు. నా ఆఫీసు బల్ల అక్కడే, పగలంతా అక్కడే కూర్చుంటాను. మా అబ్బాయి బడి నుంచి రాగానే కిందికే దిగుతాడు. మే నెలలో ఏలూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. పెరట్లోకి నేరుగా తలుపు ఉంది, మెట్లెక్కే పని ఉండదని వాళ్ళకు కూడా కిందనే పడకగది సిద్ధం చేశాం.

ఎదురింటి పెద్దాయన "మా ఇంట్లో 1.9 వచ్చింది, ఈ వీధిలో అలాంటిదేమీ లేదు, మీ కిట్టే తప్పయి ఉంటుంది" అంటున్నారు. మా వారు ఎయిర్ ప్యూరిఫయర్ కొని పెడదాం అంటున్నారు. రేడాన్ తగ్గించే పనికి ఒక కంపెనీవాళ్ళు ఇల్లు చూడకుండానే ఫోనులో 2,400 డాలర్లు అన్నారు. ఎవరి మాట వినాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాతకాపు_86
ముందుగా ఎదురింటాయన మాట పక్కన పెట్టండి. ఆయన ఇంటి అంకె ఆయన ఇంటికే. ఈ రాష్ట్రంలో పరీక్ష చేసిన ఇళ్ళలో దాదాపు 40 శాతం 4 దాటాయని రాష్ట్ర పర్యావరణ శాఖే చెబుతోంది. దేశం మొత్తం మీద చూస్తే పదిహేనింట ఒకటి. మన కౌంటీ ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) పటంలో మొదటి జోన్‌లో ఉంది, అంటే ఎక్కువ ప్రమాదం ఉన్న జాబితా.

అమెరికాలో ఈ గొడవ మొదలైందే మనకు కూతవేటు దూరంలో. 1984 డిసెంబరులో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు లిమరిక్ అణు విద్యుత్ కేంద్రానికి పనికి వెళ్తుంటే రేడియేషన్ అలారాలు మోగేవి. అప్పటికి ఆ కేంద్రం ఇంకా కరెంటు ఉత్పత్తే మొదలుపెట్టలేదు! వెదకగా వెదకగా తేలిందేమిటంటే, ఆయన కేంద్రం నుంచి ఇంటికి మోసుకెళ్ళడం కాదు, ఇంటి నుంచే కేంద్రానికి మోసుకొస్తున్నారు. బాయర్‌టౌన్ దగ్గరి వాళ్ళ ఇంట్లో దాదాపు 2,700 పికోక్యూరీలు ఉంది. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి, బాగుచేయించాక మళ్ళీ అదే ఇంటికి వచ్చింది. 2,700 ఉన్న ఇంటినే దారికి తెచ్చారు, 8.7 ఎంత?

గోంగూర_పెరడు
పనికి వెళ్ళే దారిలో అలారం మోగించిన ఇల్లు! మా ఇంట్లో పోపు పెట్టినప్పుడు మాత్రమే అలారం మోగుతుంది.

లెక్క_అడిగేవాడు
నాకు ఈ రేడాన్ వ్యవహారం మీద మొదటి నుంచీ అనుమానమే. భయపెట్టి, నేల కింది గాలిని బయటికి లాగే గొట్టాలు, ఫ్యాన్లు అమ్ముకోవడం చూస్తున్నాం. యురేనియం గనుల్లో పనిచేసినవాళ్ళకు ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చింది, నిజమే. వాళ్ళలో చాలామంది పొగ తాగేవాళ్ళు, గనుల్లో దుమ్ము వేరే. ఆ లెక్కను తెచ్చి ఇళ్ళ మీద పరిస్తే ఎలా? మా ఇంట్లో 5 పైచిలుకు ఉంది. పదేళ్ళుగా ఉంటున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు.

ఆల్ఫా_బీటా
ఆసుపత్రిలో రేడియేషన్ భద్రత నా ఉద్యోగం, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నేలలో, రాళ్ళలో యురేనియం కొద్దికొద్దిగా ఎక్కడైనా ఉంటుంది. అది క్షీణిస్తూ రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. ఆ వరుసలో వాయువు ఇదొక్కటే, అందుకే మట్టిలోంచి కదిలి రాగలదు. రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. దీని అర్ధాయువు, అంటే సగం కరిగిపోవడానికి పట్టే సమయం, 3.8 రోజులు. బయట గాలిలో కలిసిపోతే సగటున 0.4 ఉంటుంది. ఇంట్లో చిక్కుకుంటే పేరుకుంటుంది.

హాని చేసేది ఎక్కువగా రేడాన్ కాదు, దాని సంతానం. రేడాన్ క్షీణించాక వచ్చే పొలోనియం 218, పొలోనియం 214 ఘనపదార్థాలు. అవి గాలిలోని సన్నని దుమ్ముకు అంటుకుని శ్వాసనాళాల గోడల మీద వాలి, అక్కడే ఆల్ఫా కణాలు విడుస్తాయి. ఆల్ఫా కణం మన చర్మాన్ని కూడా దాటలేదు, కానీ ఊపిరితిత్తి లోపలి పొర మీద కూర్చుని విడిచినప్పుడు ఆ కణజాలంలోని డీఎన్‌ఏను దెబ్బతీయగలదు.

ఈపీఏ అంచనా ప్రకారం ఈ దేశంలో ఏటా సుమారు 21,000 ఊపిరితిత్తుల కేన్సర్ మరణాలకు రేడాన్ కారణం. అందులో దాదాపు 2,900 మంది ఎప్పుడూ పొగ తాగనివాళ్ళు. పొగాకు తర్వాత రెండో కారణం ఇదే, పొగ తాగనివారిలో మొదటిది.

లెక్క_అడిగేవాడు గారూ, గనుల లెక్కను ఇళ్ళ మీద పరచడం గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. శాస్త్రవేత్తలు కూడా అదే అడిగారు. అందుకే ఇళ్ళలోనే నేరుగా కొలిచి అధ్యయనాలు చేశారు. 2005లో ఐరోపాలోని తొమ్మిది దేశాల నుంచి 13 అధ్యయనాలను కలిపి చూశారు, కేన్సర్ రోగులే 7,148 మంది. కొలతల్లోని హెచ్చుతగ్గులను సరిచేశాక, ఘనపు మీటరుకు ప్రతి 100 బెకరల్‌లకు (రేడియోధార్మికతకే ఇంకో కొలమానం), అంటే మన లెక్కలో 2.7 పికోక్యూరీలకు, ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు 16 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. పొగ అలవాటును లెక్కలోకి తీసుకున్న తర్వాత వచ్చిన ఫలితం ఇది. అదే సంవత్సరం ఉత్తర అమెరికా అధ్యయనాలను కలిపి చూసినప్పుడూ అదే దిశలో వచ్చింది. "మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు" అనేది ఒక్క ఇంటి మాట. ఒక్క ఇంట్లో ఇది కనిపించదు, వేల ఇళ్ళను కలిపితేనే కనిపిస్తుంది.

లెక్క_అడిగేవాడు
16 శాతం అంటే పెద్దగా వినిపిస్తుంది. దేని మీద 16 శాతం? పొగ తాగనివాడికి అసలు ముప్పే చాలా తక్కువ. తక్కువ మీద 16 శాతం ఎంతని?

ఆల్ఫా_బీటా
ఈపీఏ పట్టిక చెబుతాను, మీరే తూచండి. జీవితమంతా 4 దగ్గర ఉంటే, ఎప్పుడూ పొగ తాగని 1,000 మందిలో సుమారు ఏడుగురికి ఊపిరితిత్తుల కేన్సర్ రావచ్చు. పొగ తాగేవారైతే 62 మందికి. 8 దగ్గర అయితే పొగ తాగనివారిలో 15, తాగేవారిలో 120. గమనించండి, ఇది జీవితమంతా అదే గాలి పీల్చిన లెక్క. పదేళ్ళుండి ఇల్లు మారిపోయేవారికి ఇంత ఉండదు.

ముంగిట_ముగ్గు గారూ, ఇందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. అమ్మానాన్న ఆరు నెలలు ఉండి వెళ్తారు, వాళ్ళ గురించి బెంగపడకండి. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేసే మీరు, అక్కడే పెరిగే అబ్బాయి అసలు విషయం. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే అది మానేయడమే అన్నిటికన్నా పెద్ద మందు.

ముంగిట_ముగ్గు
ఈ చివరి ముక్క చదివాక గుండె కుదుటపడింది. అమ్మానాన్నను రావద్దని చెప్పాలా అని రెండు రాత్రులుగా ఆలోచిస్తున్నాను. ఇంట్లో పొగ తాగేవారు ఎవరూ లేరు.

మరి ఎయిర్ ప్యూరిఫయర్?

పైపు_పంకా
కొనవద్దు. అది దుమ్మును పడుతుంది, రేడాన్ వాయువును పట్టదు. నేలలోంచి వాయువు వస్తూనే ఉంటుంది. ఆ డబ్బు రెండో పరీక్షకు పెట్టండి.

అవును, రెండో పరీక్ష. ఒక్క కిట్టు చూసి గోడకు రంధ్రం పెట్టించుకోకూడదు, అలాగని ఊరుకోనూ కూడదు. మొదటి ఫలితం 8 దాటింది కాబట్టి వెంటనే ఇంకో స్వల్పకాలపు పరీక్ష చేయండి. 4కూ 8కీ మధ్య వచ్చి ఉంటే మూడు నెలలు దాటిన దీర్ఘకాలపు పరీక్ష పెట్టుకునే వీలు ఉండేది.

మొదటిసారి కిట్టు ఎక్కడ పెట్టారు, తలుపులు మూసి ఉంచారా?

ముంగిట_ముగ్గు
నా ఆఫీసు బల్ల మీద పెట్టాను. పెరటి తలుపు మామూలుగా వాడుకున్నాం, కుక్కను బయటికి తీసుకెళ్ళాలి కదా. కిటికీలు మూసే ఉన్నాయి. అసలే జనవరి.

పైపు_పంకా
రాకపోకలకు తలుపు తీసి వెంటనే మూయడం తప్పు కాదు. పరీక్షకు 12 గంటల ముందు నుంచి, పరీక్ష ముగిసే దాకా కిటికీలు, బయటి తలుపులు మూసి ఉంచాలి. కిట్టు నేల నుంచి కనీసం 20 అంగుళాల ఎత్తున, కిటికీకి, హీటర్ గాలి తగిలే చోటుకు దూరంగా ఉండాలి. వంటగది, స్నానాల గది, బట్టలుతికే గది పనికిరావు. మీ బల్ల సరైన చోటే.

ఇంకొక మాట. బొగ్గు డబ్బా మూత బిగించాక ఆ రోజే తపాలాలో వేయండి. 3.8 రోజులకు సగం చొప్పున కరిగిపోయే వస్తువు అది. వారం రోజులు కారులో పడేసి పంపితే ప్రయోగశాల ఏమీ చేయలేదు.

మీటరు_మోజు
కంగారుగా రాస్తున్నాను. ఈ చర్చ చూసి డిజిటల్ మీటరు తెప్పించుకున్నాను. బేస్‌మెంట్‌లో 85 చూపిస్తోంది!! పిల్లలను తీసుకుని మా అక్క వాళ్ళింటికి వెళ్ళిపోవాలా?

ఆల్ఫా_బీటా
ఆగండి. మీటరు తెర మీద అంకె పక్కన ఏ కొలమానం ఉందో చూడండి. బెకరల్ అయి ఉంటుంది. 37తో భాగించండి, 2.3 వస్తుంది. ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు.

మీటరు_మోజు
అవునండి, బెకరలే! సెట్టింగులు మార్చాను, 2.3. అక్కకు ఫోను చేసి పరుపులు వేయవద్దని చెప్పాను.

గోంగూర_పెరడు
అక్క వండిన పులిహోర మాత్రం వదలకండి.

పైపు_పంకా
మీటరు_మోజు గారూ, మొదటి రోజు అంకెను నమ్మకండి. ఆ మీటరును నెల రోజులు అక్కడే ఉంచి సగటు చూడండి. రేడాన్ పూటపూటకూ మారుతుంది. వాతావరణ పీడనం పడినా, వాన పడినా మారుతుంది. చలికాలంలో ఇంట్లోని వెచ్చని గాలి పైకి లేచి అటక గుండా బయటికి పోతుంటే, కింద నేలలోని గాలిని ఇల్లు లోపలికి పీల్చుకుంటుంది. అందుకే జనవరిలో ఎక్కువ, కిటికీలు తెరిచే మే నెలలో తక్కువ కావచ్చు. 2కూ 4కూ మధ్య ఉన్నా సరిచేయించుకోవడం గురించి ఆలోచించమని ఈపీఏ అంటుంది. తప్పనిసరి అని అనదు.

లెక్క_అడిగేవాడు
ఇదే నా బాధ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 100 బెకరల్ అంటుంది, అంటే 2.7. ఇక్కడ 4. 3.9 ఉన్నవాడు నిద్రపోవచ్చు, 4.1 ఉన్నవాడు గోడ పగలగొట్టుకోవాలా? ఈ 4 ఆకాశంలోంచి ఊడిపడిందా?

ఆల్ఫా_బీటా
4 దగ్గర గోడ కట్టి లేదు. దాని కింద క్షేమం, పైన ప్రమాదం అని ఎవరూ అనలేదు. పూర్తిగా సురక్షితమైన స్థాయి లేదనే ఈపీఏ కూడా చెబుతుంది. మామూలు పద్ధతులతో చాలా ఇళ్ళను 4 కిందికి, తరచు 2 కిందికి కూడా తేవచ్చు కాబట్టి అక్కడ గీత గీశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 100 కుదరని దేశాల్లో 300 దాటవద్దని అంది. ముంగిట_ముగ్గు గారి 8.7 అంటే 322 బెకరల్. ఏ గీత పట్టుకున్నా దాటినట్టే.

రాతిబండ
పాతకాపు గారి మాటకు కొంచెం చేర్పు. వాట్రాస్ ఇల్లు రీడింగ్ ప్రాంగ్ అనే రాతి పట్టీ మీద ఉంది. అది రీడింగ్ దగ్గర మొదలై న్యూజెర్సీ మీదుగా న్యూయార్క్ వైపు సాగుతుంది. అందుకని "మనం ఆ పట్టీ మీద లేం కదా" అనే ధీమా ఈ కౌంటీలో చాలామందిలో చూశాను. మన కింద ఉన్న నైస్, షిస్ట్ రాళ్ళూ తక్కువవేమీ కావు. పక్కపక్క ఇళ్ళ మధ్య కూడా తేడా ఎందుకంటే, కింద రాతిలో పగులు ఎక్కడ ఉందో, కాంక్రీటు కింద కంకర ఎంత వదులుగా ఉందో, గోడకూ నేలకూ మధ్య సందు ఎంతో, సంపు గుంటకు (బేస్‌మెంట్ నేల కింద చేరే నీటిని పంపుతో తోడేసే గుంట) మూత ఉందో లేదో, ఇవన్నీ ఇంటింటికీ మారతాయి. లీహై కౌంటీలో 2014లో ఒక ఇంట్లో 3,715 వచ్చింది. ఆ అంకె చూసి ఊరంతా అలాగే ఉందనుకోవడం ఎంత పొరపాటో, 1.9 చూసి వీధంతా క్షేమం అనుకోవడమూ అంతే.

కొత్తిల్లు_డౌనింగ్‌టౌన్
మాది కొత్త ఇల్లు, కట్టి మూడేళ్ళు కాలేదు. బేస్‌మెంట్ నుంచి కప్పు దాకా తెల్ల గొట్టం ఒకటి వేసి ఉంది, దాని మీద రేడాన్ అని చీటీ కూడా ఉంది. "మీ ఇంట్లో వ్యవస్థ ఉంది, పరీక్ష అక్కరలేదు" అని బిల్డరు మనిషి చెప్పాడు. అంటే మాకు బెంగ లేనట్టే కదా?

పైపు_పంకా
గొట్టానికి ఫ్యాను ఉందా? అటక ఎక్కి చూడండి. లేకపోతే అది ఫ్యాను లేని వ్యవస్థ. వెచ్చని గాలి తనంతట తాను పైకి లేవడం మీద ఆధారపడుతుంది. కొన్ని ఇళ్ళలో చాలుతుంది, కొన్నిట్లో చాలదు. పరీక్ష తప్పదు. ఎక్కువ వస్తే మీ పని సులువు, గొట్టం ఉంది కాబట్టి అటకలో ఫ్యాను బిగిస్తే చాలు.

కొత్తిల్లు_డౌనింగ్‌టౌన్
చూశాను. ఫ్యాను లేదు. కిట్టు తెప్పిస్తున్నాను.

మూసీ_ఒడ్డు
నేను హైదరాబాదులో ఉంటాను, మా అన్నయ్య మీ వైపు ఉంటాడు కాబట్టి ఈ చర్చ చదువుతున్నాను. మరి మన దగ్గర? నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం ఉందంటారు, కడప జిల్లా తుమ్మలపల్లెలో గని ఉండనే ఉంది. మా ఇంట్లో నేలంతా గ్రానైటే. మేమూ పరీక్ష చేయించుకోవాలా?

రాతిబండ
రాయి ఒక్కటే కాదు, ఇల్లు కట్టే తీరు ముఖ్యం. ఇక్కడి ఇంట్లో సగం అంతస్తు మట్టిలో దిగబడి ఉంటుంది. ఆరు నెలలు కిటికీలు తెరవరు. హైదరాబాదులో మీ అపార్ట్‌మెంట్ కింద అంతస్తు వాహనాలు నిలిపే చోటు అయితే, నేలలోంచి వచ్చే గాలి అక్కడే చెదిరిపోతుంది. పైగా మనవాళ్ళు పొద్దున లేవగానే కిటికీలు తెరుస్తారు. సొంత ఇంట్లో నేల అంతస్తులోనో, సెల్లార్‌లోనో పడకగది ఉండి, రాత్రీ పగలూ ఏసీ వేసి మూసి ఉంచేవారైతే ఒకసారి మీటరు పెట్టి చూసుకోవడం మంచిదే.

గ్రానైట్ నేల గురించి ఇక్కడా చాలామంది వంటగది బల్లలు చూసి భయపడతారు. దాని నుంచి వచ్చే రేడాన్ సాధారణంగా చాలా తక్కువ, గాలి ఆడే వంటింట్లో అదీ నిలవదు. అసలు దారి ఇంటి కింది మట్టే.

వేపపువ్వు
ఇన్నాళ్ళూ చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు. మా పిన్ని న్యూజెర్సీలో పాతికేళ్ళు ఉంది. జీవితంలో సిగరెట్టు ముట్టలేదు, బాబాయి కూడా తాగడు. ఊపిరితిత్తుల కేన్సర్ అని తేలేసరికి నాలుగో దశ. ఆమె పోయాక ఇల్లు అమ్మడానికి పెడితే, కొనేవాళ్ళు చేయించిన పరీక్షలో 14 వచ్చింది. ఆమె కుట్టుమిషను, పూజామందిరం అన్నీ బేస్‌మెంట్‌లోనే ఉండేవి. ఆ అంకె విన్న రోజు బాబాయి ఎవరితోనూ మాట్లాడలేదు. దయచేసి పరీక్ష చేయించుకోండి.

ఆల్ఫా_బీటా
వేపపువ్వు గారూ, చాలా బాధగా ఉంది. బాబాయి గారికి ఒక మాట చేరవేయండి. ఒక వ్యక్తికి వచ్చిన కేన్సర్ ఫలానా కారణం వల్లే అని ఏ వైద్యుడూ వేలు పెట్టి చూపలేడు. రేడాన్ వల్ల వచ్చిన గడ్డ మీద దాని పేరు రాసి ఉండదు. వేరే కారణమూ అయి ఉండవచ్చు. ఆయన తనను తాను నిందించుకోవలసిన పని లేదు.

లెక్క_అడిగేవాడు
వేపపువ్వు గారూ, మీ పిన్ని గారి విషయం చదివి చాలా సేపు ఏమీ రాయలేకపోయాను. లెక్కల గురించి నా అభిప్రాయం మారలేదు. భయం పేరుతో వ్యాపారం జరుగుతోందని ఇప్పటికీ అంటాను. కానీ 15, 20 డాలర్ల కిట్టుకు నా దగ్గర అభ్యంతరం ఏమీ లేదు.

టౌన్‌హౌస్_తార
మాది టౌన్‌హౌసు. 6.1 వచ్చింది. బయటి గోడ మీద గొట్టం కనిపించకూడదని ఇళ్ళ యజమానుల సంఘంవాళ్ళు అంటున్నారు. ఇంటి వెలుపలి రూపు మారిపోతుందట. ఇంకెవరికైనా ఇలా అయిందా?

పైపు_పంకా
లోపలి నుంచి తీసుకెళ్ళే దారి అడగండి. బట్టల అలమరా మూలనుంచో, గ్యారేజీ గుండానో అటకలోకి, అక్కడి నుంచి కప్పు పైకి. ఫ్యాను అటకలో ఉంటుంది. ఖర్చు కొంచెం పెరుగుతుంది, చూపుకు మాత్రం ఏమీ తెలియదు. బయటే వేయాలంటే వెనక గోడ మీద, వాన నీటి గొట్టం పక్కన అదే రంగు వేయిస్తామని రాసి ఇవ్వండి. అర్జీతో పాటు పరీక్ష ఫలితం కాగితం జతచేయండి. ఒట్టి మాటలకన్నా ప్రయోగశాల కాగితానికి విలువ ఎక్కువ.

ఫ్యాను మాత్రం బేస్‌మెంట్‌లో పెట్టనివ్వకండి. ఫ్యాను తర్వాతి గొట్టంలో ఎక్కడైనా చిల్లు పడితే, చిక్కబడిన రేడాన్ మళ్ళీ ఇంట్లోకే వస్తుంది.

బావినీళ్ళు
మాకు ఊరి నీళ్ళు రావు, సొంత బావి. నీళ్ళలోనూ రేడాన్ ఉంటుందని ఎవరో అన్నారు. నిజమా?

రాతిబండ
నిజమే. స్నానం చేసేటప్పుడు, బట్టలుతికేటప్పుడు నీళ్ళలోంచి గాలిలోకి వస్తుంది. నీళ్ళలో లీటరుకు 10,000 పికోక్యూరీలు ఉంటే గాలిలో దాదాపు 1 చేరుతుందని స్థూలమైన లెక్క. ముందు గాలి పరీక్ష చేయండి. అది ఎక్కువ వస్తే, సొంత బావి కాబట్టి నీళ్ళూ పరీక్షకు పంపండి.

ముంగిట_ముగ్గు
రెండో పరీక్ష ఫలితం వచ్చింది, 9.3. కిట్టు తప్పు కాదు. ఎదురింటి పెద్దాయనకు చెబితే ఆయన ఇంకా నమ్మలేదు. కానీ ఆయన 1.9 ఎప్పటిదో అడిగితే, పిల్లలు చిన్నగా ఉన్నప్పటిది అన్నారు. ఆ పిల్లలకు ఇప్పుడు పెళ్ళిళ్ళయ్యాయి. ఆ తర్వాత ఆయన బేస్‌మెంట్ నేల కొత్తగా పోయించారు, సంపు గుంట కూడా తవ్వించారు. మళ్ళీ పరీక్షించమని ఒక కిట్టు ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు ఇద్దరి దగ్గర ధర తీసుకున్నాను. ఒకరు 1,350, ఇంకొకరు 2,100. ఎందుకింత తేడా? ఏమి అడగాలి?

పైపు_పంకా
ఎక్కువ చెప్పినవారు ఎక్కడి నుంచి గొట్టం తీసుకెళ్తామన్నారు? లోపలి నుంచి అటకలోకి అయితే ఆ తేడా సహజమే. 800 నుంచి 2,500 మధ్య ఇక్కడ మామూలు.

ఇవి అడగండి. మొదటిది, రాష్ట్ర పర్యావరణ శాఖ గుర్తింపు ఉందా? పెన్సిల్వేనియాలో ఇతరుల ఇళ్ళకు రేడాన్ పని చేయాలంటే ఆ గుర్తింపు తప్పనిసరి, వాళ్ళ జాబితాలో పేరు సరిచూసుకోండి. రెండోది, పని మొదలుపెట్టే ముందు నేల కింద గాలి ఎంత దూరం లాగుతుందో పరీక్షిస్తారా? ఒక మూల రంధ్రం చేసి గాలి లాగుతూ, రెండో చివర చిన్న రంధ్రం దగ్గర పొగ లోపలికి వెళ్తుందో లేదో చూస్తారు. కింద కంకర ఉంటే ఒక్క రంధ్రం చాలు, బిగుతు మట్టి అయితే రెండు కావచ్చు. చూడకుండా ఫోనులో ధర చెప్పినవారికి ఇది ఎలా తెలుస్తుంది? మూడోది, ఎంతకు తగ్గిస్తామని రాతపూర్వకంగా హామీ ఇస్తారు? 4 కింద అని అందరూ రాస్తారు, 2 కింద అని రాసేవారిని వెదకండి. నాలుగోది, గ్యాసు వాటర్ హీటరు ఉంటే ఫ్యాను పెట్టాక దాని పొగ వెనక్కి ఇంట్లోకి రావడం లేదని చూస్తారా? ఇది మరచిపోతే రేడాన్ పోయి కార్బన్ మోనాక్సైడ్ వచ్చి కూర్చుంటుంది.

"పగుళ్ళు పూడిస్తే సరిపోతుంది, ఫ్యాను అక్కరలేదు" అనేవారికి దూరంగా ఉండండి. పూడ్చడం ఫ్యానుకు సాయం, ఒంటరిగా సరిపోదు.

పాతకాపు_86
ధర తక్కువ అన్నవారిని ఊరికే అనుమానించవద్దు. మాకు చేసిన వ్యక్తి ఒంటరిగా, ఒక వ్యానుతో వచ్చాడు. తెల్లవారి మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనానికల్లా ముగించాడు. 11 ఉండేది, 0.8కి దిగింది.

ముంగిట_ముగ్గు
పని అయిపోయింది. తక్కువ ధర చెప్పినాయననే పిలిచాను, రాష్ట్రం జాబితాలో పేరు ఉంది, హామీ 2 కింద అని రాసి ఇచ్చారు. దగ్గరుండి చూశాను. సంపు గుంట పక్కన అయిదు అంగుళాల రంధ్రం చేసి, కింద నుంచి బకెట్ల కొద్దీ కంకర, తడిమట్టి తీశారు. ఇన్నాళ్ళూ తెరిచి ఉన్న సంపు గుంటకు పారదర్శకమైన మూత బిగించి చుట్టూ జిగురు పట్టించారు. మూత పెట్టక ముందు ఆ గుంట మీద చెయ్యి పెట్టమన్నారు. చల్లని గాలి అరచేతికి తగిలింది. నా కుర్చీకి ఆ గుంట నాలుగడుగుల దూరం కూడా లేదు.

ఫ్యాను బయట గోడ మీద ఉంది, గొట్టం కప్పు దాటి పైకి వెళ్ళింది. లోపల గొట్టానికి యు ఆకారపు గాజు నాళం తగిలించారు, అందులో ఎర్రని ద్రవం. రెండు వైపులా ఎత్తు తేడా ఉంటే ఫ్యాను లాగుతున్నట్టు, సమానమైతే ఆగిపోయినట్టు. మా అబ్బాయికి ఈ పని అప్పగించాను, బడికి వెళ్ళే ముందు చూసి చెబుతున్నాడు. ఫ్యాను పెట్టి ఒక రోజు గడిచాక కిట్టు పెట్టాను. ఫలితం 1.2.

ఆల్ఫా_బీటా
చాలా బాగుంది. ఫ్యాను ఎప్పుడూ ఆపకండి, కరెంటు బిల్లు కోసం కూడా. రెండేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష. బేస్‌మెంట్‌లో గోడలు మార్చినా, కొత్త గది కట్టినా వెంటనే చేయండి.

టౌన్‌హౌస్_తార
మా సంఘం ఒప్పుకుంది. వెనక గోడ మీద, గోడ రంగులోనే. ముంగిట_ముగ్గు గారూ, ఆయన ఫోను నంబరు సందేశంలో పంపుతారా?

ముంగిట_ముగ్గు
పంపాను. సంపు గుంట ఉంటే ముందే చెప్పండి, మూత వెంట తెస్తారు.

లెక్క_అడిగేవాడు
ఆ ఫ్యాను చప్పుడు ఎంత? పడకగది కిటికీ పక్కనే పెట్టాలి మాకు.

పాతకాపు_86
మాది కిటికీకి ఆరడుగుల దూరంలో ఉంది. కిటికీ మూస్తే వినబడదు. గొట్టం గోడకు తగిలే చోట రబ్బరు పెట్టమనండి, లేకపోతే రాత్రిపూట సన్నగా మోత వస్తుంది.